ఒకటి చాలినచోట రెండు

మస్కట్ విమానాశ్రయం దాటి నిజ్వా దారి పట్టగానే తగిలేది రుసైల్. ఒమన్ దేశపు మొట్టమొదటి పారిశ్రామికవాడ 1983లో ఇక్కడే ఏర్పడింది. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, శ్రీకాకుళం నుంచి, జగిత్యాల, నిజామాబాద్‌ల నుంచి వచ్చినవాళ్లు ఒమన్‌లో ఇలాంటి వాడల్లోనే ఎక్కువగా కనిపిస్తారు. పొద్దున డ్యూటీకి పోయేముందు హోటల్లో ఫూల్ తింటారు. పెద్ద చిక్కుడు గింజల్ని మెత్తగా ఉడకబెట్టి, నూనె, నిమ్మరసం, జీలకర్ర పొడి కలిపి రొట్టెతో పెడతారు. రుచిగానే ఉంటుంది, చవక కూడా.

కొందరికి మాత్రం ఇది పడదు. తిన్న ఒకటి రెండు రోజుల్లో రక్తంలోని ఎర్రకణాలు పగిలిపోతాయి, కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. కొన్ని మలేరియా మందులు మింగినా ఇదే వరస. జీ6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉండటం దీనికి కారణం. ఒమన్‌లో చిన్నపిల్లల మీద జరిగిన దేశవ్యాప్త సర్వేలో మగపిల్లల్లో నూటికి 25 మందికి, ఆడపిల్లల్లో నూటికి 10 మందికి ఈ లోపం ఉన్నట్టు తేలింది. ప్రపంచంలో ఇంత ఎక్కువగా ఉన్న దేశాలు కొన్నే.

మనం చెప్పుకోబోయే జబ్బు ఇది కాదు. దీనికంటే ఎంతో అరుదైనది, ఎంతో కఠినమైనది. అయినా పైన చెప్పిన రెండు అంకెలు అర్థమైతే ఆ జబ్బు సగం అర్థమైనట్టే. కాబట్టి ముందు ఈ లెక్క తేల్చుకుందాం.

మగవాడికి ఎక్స్ క్రోమోజోమ్ ఒక్కటే ఉంటుంది, అది అమ్మ ఇచ్చింది. నాన్న కొడుక్కి ఇచ్చేది వై. ఉన్న ఒక్క ఎక్స్ మీద జన్యువు చెడితే ఆదుకోవడానికి రెండోది లేదు. అంటే మగవాళ్లలో నూటికి 25 మందికి లోపం కనిపిస్తోందంటే, ఆ జనాభాలోని ఎక్స్‌లలో నాలుగో వంతు లోపమున్నవే. ఆడపిల్లకు జబ్బు పూర్తిగా రావాలంటే రెండు ఎక్స్‌లూ అలాంటివే కావాలి. నాలుగో వంతులో నాలుగో వంతు అంటే నూటికి ఆరుగురు. సర్వేలో తేలింది పదిమంది. మిగతా నలుగురు ఎక్కడి నుంచి వచ్చారు?

కొందరు దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల వల్ల వచ్చి ఉంటారు. తక్కినవాళ్ల సంగతి చెప్పాలంటే 1961లో ఇంగ్లండులో ఎలుకల బొచ్చు మీది మచ్చల్ని చూస్తూ మేరీ లియోన్ అనే శాస్త్రవేత్త పట్టిన రహస్యం చెప్పాలి. ఆడ పిండం తొలి రోజుల్లోనే ప్రతి కణమూ తనలోని రెండు ఎక్స్‌లలో ఒకదాన్ని నోరు నొక్కి మూల కూర్చోబెడుతుంది. ఏది కూర్చోవాలన్నది చాలావరకు లాటరీ. ఆ కణానికి పుట్టే సంతానమంతా అదే నిర్ణయానికి కట్టుబడి ఉంటుంది. ఏడాది తిరక్కుండానే, 1962లో, అమెరికాలో ఎర్నెస్ట్ బ్యూట్లర్ బృందం ఇది మనుషుల్లోనూ నిజమేనని చూపించింది. వాళ్లు అందుకు వాడుకున్నది ఈ జీ6పీడీనే. ఒక ఎక్స్‌లో మాత్రమే లోపమున్న స్త్రీల రక్తంలో ఎంజైము ఉన్న ఎర్రకణాలు, లేని ఎర్రకణాలు రెండూ పక్కపక్కనే దొరికాయి. లాటరీలో మంచి ఎక్స్‌లే ఎక్కువగా మూల కూర్చుంటే, ఒక్క ఎక్స్‌లో లోపమున్న ఆడపిల్లకూ జబ్బు బయటపడుతుంది.

ఇక జీ6పీడీ జన్యువు ఇరుగుపొరుగును చూద్దాం. ఎక్స్ క్రోమోజోమ్‌లో సుమారు 15 కోట్ల 60 లక్షల డీఎన్ఏ అక్షరాలున్నాయి. దాని పొడుగు భుజం కొట్టకొసన ఉన్న భాగానికి ఎక్స్‌క్యూ28 అని పేరు. హీమోఫీలియా తెచ్చే జన్యువు ఇక్కడుంది, ఎరుపు, ఆకుపచ్చ రంగుల్ని కంటికి చూపించే జన్యువులు ఇక్కడున్నాయి, జీ6పీడీ ఇక్కడుంది. జీ6పీడీ నుంచి దాదాపు 4 లక్షల అక్షరాలు వెనక్కి జరిగితే మెక్‌పీ2 అనే జన్యువు తగులుతుంది. ఈ అధ్యాయం దాని గురించి. ఆ జన్యువున్న ముక్క ఒకసారి ఉండాల్సినచోట రెండుసార్లు ఉంటే వచ్చేది మెక్‌పీ2 డూప్లికేషన్ సిండ్రోమ్.

ఒక ఇంటిని ఊహించుకుందాం. భర్త రుసైల్‌లో ఓ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. భార్యా, బాబూ భీమవరం దగ్గర పల్లెలో ఉంటారు. ఆవిడ అతనికి సొంత అక్క కూతురు. కాబట్టి ఆ ఇంట్లో ఆమెకు అత్తగారంటూ వేరే లేదు, అమ్మమ్మే అత్తగారు. బాబు మూడున్నర కిలోలతో చక్కగా పుట్టాడు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులు వేస్తే అరిసెలు అని మన ఇళ్లలో ఆనవాయితీ. డాక్టరు గోడకు తగిలించే చార్టు కంటే ఎంతో ముందు నుంచి మన ముసలమ్మలు పిల్లల ఎదుగుదలను ఇలా పిండివంటలతో కొలుస్తూ వచ్చారు. ఈ ఇంట్లో బొబ్బట్లు తొమ్మిదో నెలకు గానీ వండలేదు. బాబు ఒళ్లంతా మెత్తగా, పట్టులేకుండా ఉండేది. పాలు తాగుతుంటే పొరబోయేది. ఏడాదిన్నరకు కూర్చోబెడితే కూర్చున్నాడు. అరిసెలు వండే రోజు రాలేదు. మాటా రాలేదు. "కంగారెందుకే, మీ చిన్న మావయ్యకూ మాటలు రాలేదు," అని అమ్మమ్మ ధైర్యం చెప్పింది. ఆ చిన్న మావయ్య ఆరో ఏట నెమ్ము చేసి పోయాడన్న సంగతి ఆ వాక్యంలో లేదు.

బాబుకు మూడేళ్లు వచ్చేలోపు నెమ్ము మూడుసార్లు వచ్చింది. ఒకసారి వెంటిలేటరు మీద పెట్టారు. నాన్న సెలవు పెట్టి దిగేసరికి బాబు ఇంటికొచ్చేశాడు గానీ, అంతకుముందు చూసి నవ్వేవాడు నవ్వడం మానేశాడు.

ఈ ఇల్లు నేను కల్పించిందే, లక్షణాలు మాత్రం కల్పించినవి కావు. ఈ జబ్బున్న మగపిల్లల్లో దాదాపు అందరికీ పసితనంలో కండరాల పట్టు తక్కువ. మాట చాలామందికి రాదు, వచ్చిన నాలుగు మాటలూ కొందరికి పోతాయి. నూటికి 75 మందికి ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లు మళ్లీ మళ్లీ వస్తాయి. సగం మందికి ఫిట్స్ వస్తాయి, అవి తరచుగా మందులకు లొంగవు. పసితనంలో మెత్తగా ఉన్న కాళ్లే పెద్దయ్యే కొద్దీ బిగుసుకుపోతాయి. మలబద్ధకం చిన్న విషయంలా వినిపిస్తుంది, ఇంట్లో రోజూ యుద్ధం చేయించేది మాత్రం అదే. వైద్య పత్రికల్లో నమోదైనవాళ్లలో సుమారు సగం మంది పాతికేళ్లు నిండకుండానే పోయారు, చాలావరకు ఊపిరితిత్తుల జబ్బుతోనే. మెక్‌పీ2 రెండింతలు కావడానికీ నెమ్ముకూ సంబంధమేమిటని అనిపించవచ్చు. రెట్టింపయ్యే ముక్కలో మెక్‌పీ2 ఒక్కటే ఉండదు. దాని పక్కనే ఉండే ఐరాక్1 అనే జన్యువూ దాదాపు ఎప్పుడూ కలిసే వస్తుంది, దానికి రోగనిరోధక శక్తిలో పాత్ర ఉంది. మింగడం సరిగా రాక తిండి ఊపిరి గొట్టంలోకి పోవడం మరో కారణం. వీటిలో ఏది ఎంతన్న వాదన ఇంకా తెగలేదు.

అసలు ఒక జన్యువు ఎక్కువైతే కష్టమేమిటి? మంచిదే కదా, ఒకటి చెడితే ఇంకొకటి ఉంటుంది! చాలా జన్యువుల విషయంలో అలా అనుకోవచ్చు కూడా. మెక్‌పీ2 పని వేరు. 1992లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ ప్రయోగశాల దీన్ని కనిపెట్టింది. డీఎన్ఏ మీద అక్కడక్కడా మిథైల్ గుర్తులుంటాయి, మెక్‌పీ2 ప్రొటీను వాటిని పట్టుకుని వేలాది జన్యువుల జోరును అదుపు చేస్తుంది. తాను ఏ ఒక్క పనీ సొంతంగా చేసేది కాదు, అందరి పనినీ సర్దేది. మెదడు కణాల్లో ఇది కుప్పలుతెప్పలుగా ఉంటుంది. ఎలుక న్యూరాన్ ఒక్కదాని కేంద్రకంలోనే కోటిన్నరకు పైగా అణువులున్నట్టు 2010లో లెక్కగట్టారు. ఇలాంటి సర్దుబాటుదారు తక్కువైనా చేటే, ఎక్కువైనా చేటే.

తక్కువైతే ఏమవుతుందో ముందు తెలిసింది. వియన్నా వైద్యుడు ఆండ్రియాస్ రెట్ 1966లో కొందరు ఆడపిల్లల గురించి రాశాడు. ఏడాది, ఏడాదిన్నర దాకా బాగా పెరిగి, తర్వాత మాటా చేతిపనీ పోయి, రోజంతా చేతులు నలుపుకుంటూ ఉండే పిల్లలు వాళ్లు. 1999లో హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో హుదా జోగ్బీ బృందం దీనికి మూలం మెక్‌పీ2లోని మార్పులని నిరూపించింది. జోగ్బీ బీరూట్‌లో పుట్టి పెరిగిన మనిషి. లెబనాన్ అంతర్యుద్ధం వల్ల చదువు మధ్యలో అమెరికా చేరింది. రెట్ సిండ్రోమ్‌కు మందు వెతికే ప్రయత్నంలో, తక్కువైన ప్రొటీనును ఎక్కువ చేస్తే సరిపోతుందా అని ఆమె బృందం ఎలుకల్లో మెక్‌పీ2ను రెట్టింపు చేసి చూసింది. ఎలుకలు మొదట్లో బాగానే ఉండి, వయసు పెరిగే కొద్దీ దెబ్బతిని, ఫిట్స్‌తో చచ్చిపోయాయి. ఇది 2004 మాట. మరుసటి ఏడే బెల్జియంలోని లూవెన్‌లో హిల్డే వాన్ ఎష్ బృందం, ఇదే ముక్క రెట్టింపైన మగపిల్లలున్న కుటుంబాల్ని గుర్తించింది. ఎలుక ముందు, మనిషి తర్వాత! మామూలుగా వైద్యచరిత్ర నడిచేది ఇందుకు తలకిందులుగా.

ముక్క ఎలా రెట్టింపవుతుంది? అచ్చాఫీసులో పుస్తకం బైండు చేసేటప్పుడు ఒక్కోసారి ఒకే ఫారం రెండుసార్లు పడుతుంది. 64వ పేజీ తర్వాత మళ్లీ 49వ పేజీ నుంచి మొదలవుతుంది. ఏ పేజీలోనూ అచ్చుతప్పు ఉండదు, అన్ని పేజీలూ శుభ్రంగానే ఉంటాయి, పుస్తకం మాత్రం తప్పు. డీఎన్ఏ నకలు తీసే యంత్రాంగం కూడా పోలికలున్న చోట్ల ఒక దారి వదిలి ఇంకో దారి ఎక్కి, చదివిందే మళ్లీ చదువుతుంది. ఈ పద్ధతిని విప్పి చెప్పింది కూడా బేలర్‌లోనే జేమ్స్ లుప్స్కీ బృందం. ఎక్స్‌క్యూ28లో ఒకలాంటి వరుసలు పక్కపక్కనే ఎక్కువగా ఉండటం వల్ల తడబాటుకు అవకాశం ఎక్కువ. రెట్టింపైన ముక్క ఒక కుటుంబంలో 3 లక్షల అక్షరాలుంటే, ఇంకో కుటుంబంలో 40 లక్షలుండవచ్చు. ఏ రెండు కుటుంబాలకూ కోత ఒకేచోట ఉండదు.

ఇప్పుడు మన ఇంటికి తిరిగి వద్దాం. బాబును చూసినవాళ్లంతా చెప్పే మాట ఒకటుంది. "మేనరికం కదండీ, అందుకే!" డాక్టర్లలో కూడా కొందరు కేసు షీటు మీద ఆ ఒక్క ముక్క రాసుకుని ముందుకు పోతారు. మేనరికాల వల్ల వచ్చే జబ్బులున్నాయి, కాదనను. మేనరికాలను లెక్కగట్టడం మన దగ్గర పాత పనే. పిఠాపురంలో పుట్టి, జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణ 1960 నాటికే ఆంధ్ర ప్రాంతపు మేనరికాల మీద పరిశోధన ప్రచురించాడు. ఒమన్‌లో సగానికి పైగా పెళ్లిళ్లు దగ్గరి బంధువుల్లోనో, ఒకే తెగలోనో జరుగుతున్నట్టు 2000లో వచ్చిన అధ్యయనం చెప్పింది. తేడా ఏమిటంటే అక్కడ చిన్నాన్న కూతుర్ని చేసుకోవడం గౌరవం, మనకు ఆ మాట వింటేనే చెవులు మూసుకోవాలి. మేనమామను చేసుకోవడం వాళ్లకు అంతే నిషిద్ధం. ఎవరి చుట్టరికం వాళ్లది.

మన బాబు విషయంలో మాత్రం మేనరికానిది ఏ తప్పూ లేదు. మేనరికం హాని చేసేది, తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపాన్ని బిడ్డకు ఇచ్చినప్పుడు. ఇక్కడ బాబుకు తండ్రి ఇచ్చింది వై. మెక్‌పీ2 ఉన్న ఎక్స్ తల్లి ఒక్కతే ఇచ్చింది. తండ్రి మేనమామ అయినా, ఆఫీసులో పరిచయమైన పరాయి కులం అబ్బాయి అయినా, బాబుకు జబ్బు వచ్చే అవకాశం అంతే: సగం. ఆడపిల్ల పుట్టినా తండ్రి వైపు నుంచి ప్రమాదం లేదు. ఈ ముక్క ఉన్న మగవాడికి జబ్బు తప్పదు, కాబట్టి ఆరోగ్యంగా తిరుగుతూ రుసైల్‌లో డ్యూటీ చేస్తున్న మనిషి ఎక్స్ శుభ్రమైనదే. జీ6పీడీ విషయం అలా కాదు. లోపమున్న మగవాళ్లు హాయిగా బతికి పెళ్లి చేసుకుంటారు, కూతుళ్లకు ఆ ఎక్స్ ఇస్తారు, కాబట్టి అక్కడ దగ్గరి పెళ్లిళ్లు ఆడపిల్లల లెక్కను పెంచగలవు. పక్కపక్క జన్యువులే, ఒకే క్రోమోజోమే, న్యాయం వేరు.

మరి బాబుకు ఇది ఎక్కడి నుంచి వచ్చింది? వంశవృక్షం గీయండి. ఆరేళ్లకు పోయిన చిన్న మావయ్యది అదే జబ్బు అయి ఉండవచ్చు. అదే అయితే దాన్ని ఇచ్చింది అమ్మమ్మ. ఆమె రెండు ఎక్స్‌లలో ఒకటి రెట్టింపు ముక్కది. ఆమె కూతురికీ, ఆ కూతురి కూతురికీ అది చేరింది. పెద్ద కొడుక్కి, అంటే బాబు తండ్రికి, అదృష్టంకొద్దీ రెండో ఎక్స్ వచ్చింది. ముగ్గురు ఆడవాళ్లూ తరం తర్వాత తరం ఆరోగ్యంగానే ఉన్నారు. మేరీ లియోన్ చెప్పిన లాటరీ వీళ్లలో తరచుగా ఒకవైపే మొగ్గుతుంది. రెట్టింపు ముక్కను వాడే కణాలు వెనకబడి, మంచి ఎక్స్‌ను వాడేవే నిలుస్తాయి. అలా మొగ్గని కొందరు ఆడపిల్లల్లో చదువులో వెనకబాటో, ఆందోళనో, అరుదుగా మగపిల్లల్లో ఉన్నంత జబ్బో కనిపిస్తుంది.

ఈ వంశవృక్షం చూశాక "కోడలి వల్లే" అనే మాట ఆ ఇంట్లో నిలవదు. "అమ్మమ్మ వల్లే" అనే మాటా నిలవకూడదు. ఏ ఎక్స్ ఏ అండంలోకి పోతుందో ఎంచుకునే అధికారం ఆమెకు లేదు, ఎవరికీ లేదు.

పరీక్షల దగ్గర జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పిల్లవాడు వెనకబడ్డాడంటే చాలాచోట్ల ముందు చేయించేది క్యారియోటైప్. క్రోమోజోముల్ని సూక్ష్మదర్శిని కింద పరిచి లెక్కపెడతారు. 50 లక్షల అక్షరాలకు తక్కువైన మార్పు ఆ కంటికి ఆనదు. రిపోర్టులో "నార్మల్" అని వస్తుంది, తల్లిదండ్రులు "జన్యువుల్లో ఏమీ లేదట" అని ఇంటికి పోతారు. కావాల్సింది, ఏ ముక్క ఎన్ని కాపీలుందో లెక్కగట్టే క్రోమోజోమల్ మైక్రోఅరే. ఎక్సోమ్ పరీక్ష అక్షరదోషాల్ని పట్టడంలో దిట్టే గానీ, కాపీల లెక్క ప్రత్యేకంగా చూడమని చెప్పకపోతే రెట్టింపు ముక్కను దాటవేయగలదు.

మైక్రోఅరే రిపోర్టులో ఎక్స్‌క్యూ28 అని, పక్కన బ్రాకెట్లో రెండు పెద్ద సంఖ్యలు, చివర ×2 అని ఉంటుంది. ఆ ×2 ను చూసి "రెండేగా, మామూలే" అనుకునేవాళ్లున్నారు. మిగతా క్రోమోజోముల్లో రెండు మామూలే. మగపిల్లవాడి ఎక్స్ దగ్గర మాత్రం ఉండాల్సింది ×1. అదే తల్లి రిపోర్టులో ×3 అని వస్తే ఆమె ద్వారా వచ్చినట్టు, ×2 అని వస్తే బాబులోనే కొత్తగా పుట్టినట్టు భావిస్తారు. ఎక్కువ కుటుంబాల్లో తల్లి నుంచే వస్తుంది.

దీన్ని నయం చేసే మందు ఇప్పటికి లేదు. ఆశ మాత్రం ఉత్తది కాదు. 2015లో జోగ్బీ బృందం, మెక్‌పీ2 రెట్టింపైన పెద్ద ఎలుకల మెదడులోకి యాంటీసెన్స్ మందు ఎక్కించింది. ఆ ప్రొటీను తయారీకి వెళ్లే సందేశాన్ని మధ్యలోనే తుంచేసే మందు అది. ఫిట్స్ ఆగాయి, ప్రవర్తన బాగుపడింది. జబ్బు ముదిరాక కూడా మెదడు తేరుకోగలదన్నది అందులో అసలు కబురు. ఇదే బాటలో అయోనిస్ కంపెనీ తయారుచేసిన ఐఓఎన్440 అనే మందు రోగుల మీద పరీక్షల దశకు వచ్చింది. చిక్కల్లా మోతాదులోనే ఉంది. కాస్త ఎక్కువ తుంచితే పిల్లవాణ్ని రెట్ సిండ్రోమ్ వైపు నెట్టినట్టు అవుతుంది. అందుకే డాక్టర్లు తొందరపడటం లేదు, వాళ్లను తొందరపెట్టడమూ మంచిది కాదు. "స్టెమ్‌సెల్స్‌తో నయం చేస్తాం" అని లక్షలు అడిగేవాళ్ల జోలికి పోకండి.

ఈలోగా చేయగలిగింది తక్కువేమీ కాదు. న్యుమోకాకల్ టీకా, ఏటా ఫ్లూ టీకా వేయించాలి. రక్తంలో ఇమ్యునోగ్లోబులిన్లు చూపించాలి. పొరబోతుంటే మొండిగా నోటితో తినిపించకుండా, పొట్టలోకి నేరుగా గొట్టం పెట్టించుకోమని డాక్టరు చెప్పినప్పుడు ఒప్పుకోవాలి. మన ఇళ్లలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ఇదే. ముద్ద కలిపి పెట్టకపోతే అమ్మతనం పోయినట్టు బాధపడతారు. కానీ ఆ ముద్దే ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఫిజియోథెరపీ కాళ్లు బిగుసుకున్నాక మొదలుపెట్టేది కాదు, ముందు నుంచే చేయించేది.

హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అరుదైన జబ్బులకు కేంద్రప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లో ఒకటిగా పనిచేస్తున్నాయి. 2021 జాతీయ విధానం కింద అక్కడ నమోదు చేయించుకోవచ్చు. వైకల్యం కార్డు ఉంటే నేషనల్ ట్రస్టువారి నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా వస్తుంది. మస్కట్‌లో రాయల్ హాస్పిటల్ ఆవరణలో నేషనల్ జెనెటిక్ సెంటర్ ఉంది. ఒమన్‌లో పెళ్లికి ముందు చేసే పరీక్షలు ముఖ్యంగా సికిల్‌సెల్, తలసేమియాల కోసం, అవి దీన్ని పట్టవు. రెండో బిడ్డ కావాలనుకునేవాళ్లకు ఇంకో మాట. మన దేశంలో కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పడం నేరం, అలా ఉండటమే న్యాయం. కానీ 1994 నాటి ఆ చట్టమే, లింగ క్రోమోజోముల ద్వారా వచ్చే జబ్బులున్న కుటుంబాల్లో పిండానికి జన్యుపరీక్ష చేయడానికి షరతులతో అనుమతిస్తుంది. గుర్తింపు పొందిన కేంద్రంలో, రాతపూర్వకంగా, కౌన్సెలింగ్ తర్వాత చేయించుకోవాలి. "చట్టం ఒప్పుకోదు" అని ఎవరైనా తిప్పి పంపితే, జెనెటిక్స్ విభాగానికి రాసివ్వమని అడగండి.

ఒళ్లు మెత్తగా ఉన్న, మాట రాని, పదేపదే నెమ్ము చేస్తున్న మగపిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, క్యారియోటైప్ నార్మల్ అన్న కాగితంతో తృప్తిపడకండి. మైక్రోఅరే అడగండి. డాక్టరు దగ్గరికి పోయేముందు తల్లి అన్నదమ్ములు, తల్లి మేనమామలు, అక్కచెల్లెళ్ల కొడుకులు ఎవరెవరు ఎప్పుడు ఎలా పోయారో ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. తల్లికి ×3 అని తేలితే ఆమె అక్కచెల్లెళ్లకు కూడా కబురు చెప్పండి. వాళ్లకు పరీక్ష అవసరమయ్యేది పిల్లలు పుట్టాక కాదు, పుట్టకముందు.